మోకాలెత్తు గడప

గొర్రె నిద్ర లేవగానే చేసే మొదటి పనేంటో పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒళ్లు విరుచుకుని, తోకెత్తి, గుప్పెడు పెంటికలు రాలుస్తుంది. ఆ సంగతి మా హాల్స్‌బీ జనం కంటే మఠం వాళ్లకి ఇంకా బాగా తెలుసు. అందుకే తెల్లారగానే మఠం కాపరి దొడ్డి తియ్యడు. ముందు కుక్కని లోపలికి వదిలి గొర్రెలన్నిటినీ లేపుతాడు. అవి లేచి, అక్కడక్కడే తిరిగి, కడుపులో ఉన్నదంతా మఠం నేల మీద దులిపేసుకున్నాక అప్పుడు తడక పక్కకి లాగి, "ఊఁ, తోలుకుపోండి మీ గొర్రెల్ని" అంటాడు. మా గొర్రెలంట. ఆ ముక్క అనడానికి వాడి నోటికి ఎప్పుడూ సిగ్గెయ్యలేదు.

హావిస్ పుట్టి బుద్ధెరిగాక రోజూ పొద్దున్నే ఇంటికి తోలుకొచ్చింది ఆ ఖాళీ కడుపుల గొర్రెల్నే. గొర్రె మనదే, మేత మనదే, కురుపులు లేస్తే నూనె రాసేది మనమే. పొద్దుగూకితే మాత్రం ఊరి మందంతా మఠం పొలంలో పడుకోవాలి. తాతల నాటి ఆచారం అంటారు. ఎవరి తాతలో మాత్రం చెప్పరు. తడకలు అల్లేది ఊరివాళ్లే, వాటిని రోజూ కాస్త జరిపి పాతేది ఊరివాళ్లే. వేసవి పోయేసరికి మఠం పొలం ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా నిగనిగలాడేది. మరుసటేడు అక్కడ బార్లీ నడుమెత్తు లేచేది. మా పొలం చెక్కల్లో బార్లీ మోకాలు దాటితే పండగ.

హావిస్ వాళ్లకి కొండవాలున ఒక చెక్క ఉండేది. రాళ్ల చెక్క అనేవాళ్లు దాన్ని. వాళ్ల నాన్న సాయంత్రం మందని అటు మీదుగా తోలి, కాల్లో ముల్లు దిగినట్టు అక్కడే కూలబడేవాడు. గొర్రెలు నాలుగు పెంటికలు వేస్తాయేమోనని ఆశ. ఎన్నిసార్లని ముల్లు దిగుతుంది? ఒకనాడు కాపరి చూడనే చూశాడు. మఠం కచేరీలో విచారణకి నిలబెట్టారు. శిక్షగా ఆ చలికాలమంతా మఠానికి తడకలు అల్లించారు. వేళ్లు పగిలి నెత్తురు కారుతుంటే ఆయన కూతురితో అన్నాడు, "ఒక్క వేసవి, అమ్మా. ఒక్క వేసవి మంద ఆ చెక్కలో పడుకుంటే చాలు, మన బార్లీ కల్లు తాగినోడు మఠం కల్లు ఉమ్మేస్తాడు." ఆ వేసవి చూడకుండానే పోయాడు. ఆస్తి కింద హావిస్‌కి రాళ్ల చెక్కా, ఆ మాటా మిగిలాయి. చెక్క కంటే మాటే ఎక్కువ బరువు.

హావిస్‌ని చేసుకున్న హామో నెమ్మదస్తుడు. దూడ తన్నినా "పోనీలే" అనే రకం. ఆమె మాత్రం నాన్న పోలిక. కడుపులో మంట ఉంటే గిన్నెలు చప్పుడు చేసేది. ఆ ఇంట్లో గిన్నెలు చప్పుడు కాని రోజు తక్కువ.

ఆ రోజుల్లో మఠంలో పొలాల పెత్తనం ఓస్బర్ట్ అనే సన్యాసిది. మనిషి చెడ్డవాడు కాడు, అదే మా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తి పడేవాళ్లం. నవ్వుతూ పలకరించేవాడు, జ్వరమొస్తే కషాయం పంపేవాడు, పొద్దుగూకేసరికి మాత్రం గొర్రె దొడ్డిలో ఉండాల్సిందే. ఒక ఏడు ఈతల వేళ చలి గట్టిగా పడింది. ఈనిన గొర్రెలు కూడా దొడ్డికే పోవాలి కాబట్టి, పుట్టిన పిల్లలు పుట్టినట్టే మంద కాళ్ల కింద నలిగి చచ్చాయి. ఊరంతా వెళ్లి మొత్తుకుంది. మన ఏడుపు చూసి కరిగాడనుకునేరు. పిల్లల్లో పదో వంతు మఠానిది, చచ్చినవాటిలో వాళ్ల వాటా కూడా పోయిందని అప్పుడు తట్టింది ఆయనకి. కచేరీలో అందరి ముందూ చెప్పాడు: గొర్రెపిల్ల ఇంటి గడప తనంతట తాను దూకేదాకా తల్లీపిల్లా ఇంటి దగ్గరే ఉండొచ్చు. దూకిన రోజు నుంచి మళ్లీ దొడ్డికి.

అందరూ దణ్ణం పెట్టారు. హావిస్ కూడా పెట్టింది. ఇంటికొచ్చి గడప వంక చాలాసేపు చూసింది.

"ఏవయ్యా, ఆ చావిడి కూలినప్పుడు దుంగ ఒకటి తెచ్చావు చూడు, అదెక్కడ పెట్టావు?"

"వెనకాల. ఎందుకే?"

"గడప మీద వేద్దాం."

హామో బుర్రకి అది ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక, "అంత ఎత్తయితే మనమెట్టా దాటాలే?" అన్నాడు.

"మనం మనుషులం, ఎలాగో చస్తాం. పిల్ల దాటకపోతే చాలు."

అలా వాళ్లింటి గడప మోకాలెత్తు లేచింది. ఈస్టర్ వెళ్లినా వాళ్ల గొర్రెపిల్లలు గడప దూకలేదు. దూకబోతే హావిస్ లోపలికి లాగి రొట్టెముక్క పెట్టేది. గొర్రెల్ని ఇంట్లోనే ఉంచుకుని, వాటి పెంట తట్టలకెత్తి రాళ్ల చెక్కకి మోసింది. పక్కింటి సిబిల్ చూసింది, నవ్వింది, మర్నాడు తన గడప మీదా దుంగ వేయించింది. ఇంకేముంది, ఊళ్లో గడపలన్నీ లేచాయి. కల్లు తాగి ఇంటికొచ్చే మగాళ్లు గడప తట్టుకుని బోర్లా పడడం, ఆడవాళ్లు లోపలి నుంచి "ఆచారం నాయనా, ఆచారం" అనడం మాకు మామూలైపోయింది.

చివరికి ఓస్బర్ట్ చేతికర్ర పట్టుకుని చూడ్డానికొచ్చాడు. హావిస్ ఇంటి ముందు ఆగాడు.

"ఏమే, ఇదేంటి?"

"గడపండి అయ్యగారూ."

"గడపా? కోటగోడలా ఉంది. ఎందుకింత ఎత్తు?"

"వాన నీళ్లు లోపలికొచ్చేస్తున్నాయండి."

"కొండ మీద ఉన్న ఇంట్లోకా?"

"తమరి ప్రార్థనల చలవండి. వానలు దంచేస్తున్నాయి."

లోపలికెళ్లి చూద్దామని ఆయన కాలెత్తాడు. అంగీ అంచు దుంగకి పట్టేసింది. హామో పాపం చెయ్యి అందించి దాటించాడు. లోపల రెండు గొర్రెపిల్లలు, పొట్టేళ్లకిచ్చి పెళ్లి చేసే ఈడువి, పొయ్యి పక్కన పడుకుని నెమరేస్తున్నాయి. ఓస్బర్ట్ వాటినీ చూశాడు, ఆమెనీ చూశాడు. తను చెప్పింది గడప దూకాలని. గడప ఎంతెత్తుండాలో చెప్పలేదు. కచేరీలో అన్న మాట మార్చుకుంటే మఠం పరువు పోతుంది. మళ్లీ హామో చెయ్యి పట్టుకుని బయటికి దాటాడు.

గెలిచాం అనుకుంటున్నారా? ఏం గెలుపు. ఈనిన గొర్రెలు నాలుగు, వాటి పెంట నాలుగు తట్టలు. అంత పొడుగు చెక్కలో అది ఏ మూలకి? చారెడు చోట బార్లీ పచ్చగా లేచేది, మిగతాదంతా పాతకథే. ఆ చారెడు పచ్చని చూసినప్పుడల్లా హావిస్‌కి సంతోషం వెయ్యకపోగా ఒళ్లు మండేది. మొత్తం చెక్క ఇలా ఉండొచ్చు కదా అని. అసలు లేనప్పుడు లేదనుకుని ఊరుకుంటాం, రుచి చూపించి లాక్కుంటే ఎవరికి నిద్రపడుతుంది?

తర్వాత మాయరోగం వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లో సగం ఇళ్ల తలుపులు తీసేవాళ్లు లేకుండా పోయారు. హామో పోయాడు. పోయిన మనిషి ఇంట్లో మేలైన పశువు మఠానికి చెందాలని ఇంకో ఆచారం, అది మాత్రం రోగానికి చావలేదు. మఠం మనిషొకడు వచ్చి ఉన్నవాటిలో మంచి గొర్రెని పట్టుకున్నాడు. అది గడప దాటనని మొరాయించింది. వాడు ముందు నుంచి లాగాడు, దాని పొట్ట దుంగ మీద ఒరుసుకుంది. చంకలో పసికొడుకు వారిన్‌ని పెట్టుకుని హావిస్ చూస్తూ నిలబడింది. "నువ్వు లాగేదేంటి, పక్కకి జరుగు" అని తనే వచ్చి గొర్రెని ఎత్తి అవతల పెట్టింది. దాని పొట్ట గీరుకుపోతుంటే చూడలేకపోయింది, అంతే. మొగుడు పోయిన వారం అది.

రోగంలో మఠం కాపరీ పోయాడు, తడకలు అల్లేవాళ్లూ పోయారు. రెండు వేసవులు మందకి దిక్కూదివాణం లేదు. గొర్రెలు ఎక్కడ పడితే అక్కడ పడుకున్నాయి. ఇక ఆ పీడ పోయినట్టేనని అందరం అనుకున్నాం. మఠం తేరుకోగానే మళ్లీ కబురొచ్చింది, మంద తోలండి అని. ఈసారి ఊరు మొండికేసింది. కూలికి మనిషి దొరకని కాలం, కాదంటే పక్క ఊరికి పోతామన్నారు. మఠం కొంచెం దిగొచ్చింది. చలికాలమంతా మంద మీ ఇష్టం, వేసవి మాత్రం మాది అంది. ఆ మాట విని హావిస్ నవ్విన నవ్వు సిబిల్ చచ్చేదాకా చెప్పుకునేది. చలికాలంలో గొర్రె తినేదేంటి, వేసేదేంటి? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు ఇద్దరూ ఒకటే, సగం సగం ఇచ్చేవాడు.

అలాగే ఏళ్లు గడిచాయి. ఒక ఏడు పెళ్లికి మఠం అనుమతి అక్కర్లేదన్నారు, ఇంకో ఏడు కోతల్లో ఊరికే చేసే చాకిరీ సగం తగ్గించారు. పాత ఆచారాలు పంటి కింద రాయి తీసినట్టు ఒక్కొక్కటే ఊడాయి. మంద సంగతి మాత్రం ఎవరెంత మొత్తుకున్నా ఊడలేదు. హావిస్ జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి. ఒకప్పుడు తనే వేయించిన గడప తనే దాటలేని స్థితికొచ్చింది. బయటికి రావాలంటే దుంగ మీద కూర్చుని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు తిప్పాలి.

"ఒరేయ్ వారిన్, ఆ గడప కాస్త కోసిపెట్టరా. ఇక మనకి దాంతో పనేముంది, ఒంటిదాన్ని, ఉన్నవి నాలుగు గొర్రెలు" అని కొడుకుని ఎన్నిసార్లు అడిగిందో.

"చూద్దాంలే అమ్మా" అనేవాడు.

వారిన్ పనిమంతుడు, మాటకారి. పెళ్లి చేసుకుని కింద వీధిలో వేరే ఇల్లు కట్టుకున్నాడు. ఊళ్లో ఖాళీ అయిన చెక్కలు ఒక్కొక్కటే కౌలుకి తీసుకుని పైకొచ్చాడు. అందుకే, ఇక సొంతంగా వ్యవసాయం చెయ్యలేమని మఠం చేతులెత్తేసి పొలం మొత్తం కౌలుకి ఇస్తామన్నప్పుడు, తీసుకున్నది వారినే. ఆ రోజు హావిస్ కల్లు కాచి వీధంతా పోసింది. మఠం పొలం మన పిల్లాడి చేతికొచ్చింది, ఇక మంద గొడవ తీరిందని అందరితోనూ చెప్పింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డామని అప్పటికి ఎవరికీ తెలీదు.

ఈస్టర్ వెళ్లగానే వారిన్ ఇంటింటికీ తిరిగాడు. "పొలంతో పాటు వేసవి మంద హక్కు కూడా నాకే ఇచ్చారు. సాయంత్రం గొర్రెల్ని దొడ్డికి తోలండి."

సిబిల్ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. "ఏరా అబ్బాయ్, నువ్వు మా ముందు ముక్కు చీదుకుంటూ తిరిగినోడివి. నీకు తోలాలా?"

"నేనిచ్చే కౌలు సంగతేంటి అత్తా? ఎరువు లేకపోతే నేనెక్కణ్ణుంచి తెచ్చి కట్టను?"

"మా గొర్రెపిల్లలింకా గడప దూకలేదులే" అందామె.

వారిన్ నవ్వాడు. వాడికి తెలీదా ఆ గడపల సంగతి? పాకే వయసులో ఆ దుంగ దాటలేక ఏడ్చినోడు, దాని మీద కూర్చునే రొట్టె తిన్నోడు. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు. మర్నాడు పొద్దున్నే రంపం పట్టుకుని తిన్నగా తల్లి ఇంటికొచ్చాడు. ముందు తల్లి గడప కోస్తే, తర్వాత ఏ ఇంటికెళ్లినా ఎవరూ నోరెత్తరని లెక్క వేసుకున్నాడు.

హావిస్ రంపం చూసి పొంగిపోయింది. "ఇన్నాళ్లకి తీరికైందా నాయనా. మోకాళ్లు చంపేస్తున్నాయిరా" అంటూ నీళ్లు తెచ్చిచ్చింది. వాడు తల ఎత్తకుండా కోశాడు. దుంగ ఊడొచ్చింది. కింద పాత గడప, జానెడు ఎత్తుది, మళ్లీ బయటపడింది.

పొయ్యి దగ్గర పడుకున్న గొర్రెపిల్ల ఒకటి లేచి, వచ్చి, ఇట్టే బయటికి దూకింది.

"దూకింది కదమ్మా" అన్నాడు వారిన్ మెల్లగా. "సాయంత్రం దొడ్డికి తోలు."

ఆమెకి అప్పుడర్థమైంది. కొడుకు మొహం చూసింది. వాడు రంపం పళ్లకంటిన పొట్టు తుడుస్తున్నాడు.

"నా మోకాళ్ల కోసం కొయ్యలేదన్నమాట."

"అమ్మా, నీ ఒక్కదాన్ని వదిలేస్తే ఊరేమంటుంది?"

ఆమె గొర్రెల్ని లేపింది. వాటి వెనకే గడప దాటింది, ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరి సాయం లేకుండా, మామూలుగా అడుగేసి. వాకిట్లో ఉన్న తడకలు రెండు ఈడ్చుకుంటూ, కోసిన దుంగ చంకన పెట్టుకుని కొండవాలుకి నడిచింది. ఆ ఏడు రాళ్ల చెక్క పైరు వెయ్యకుండా బీడు పెట్టే వంతు. పట్టపగలు, అందరూ చూస్తుండగా అక్కడ తడకలు పాతి గొర్రెల్ని లోపలికి తోలింది. సందు మిగిలితే దుంగ అడ్డం పెట్టి దాని మీద కూర్చుంది. రొప్పుతోంది. ఆ రొప్పుకి కోపం కూడా తోడైంది.

సిబిల్ మొదట వచ్చింది, తన గొర్రెల్ని తోలుకుని. తర్వాత ఇంకో ఇంటివాళ్లు. పొద్దు వాలేసరికి ఊరి మందలో చాలా భాగం రాళ్ల చెక్కలోనే ఉంది. వారిన్ కుక్కని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, లే. కచేరీకి పోవాల్సొస్తుంది."

"పో. మీ అమ్మ మీద నువ్వే చెప్పు. నేనూ విందామని ఉంది."

"నాకు రాసిచ్చిన హక్కమ్మా అది."

"మా నాన్న వేళ్లు చూసుంటే ఆ మాట అనవు."

సిబిల్ పక్క నుంచి అంది, "అల్లుడూ, రేపు నీ పొలమంతా కోతకొస్తే కొడవలి పట్టేదెవరు? మఠం వాళ్లొస్తారా, పాటలు పాడుకుంటూ?"

వారిన్ అందరి మొహాలూ చూశాడు. ఒక్కళ్లూ పక్కకి తిరగలేదు. మఠం అయితే ఎన్నేళ్లైనా అలాగే నిలబడేది. మఠానికి కూలీలు కాకపోతే సన్యాసులున్నారు, సన్యాసులు కాకపోతే పైన పెద్దాయనున్నాడు. అన్నిటికీ మించి మఠానికి అమ్మ లేదు. వీడికి ఉంది, ఎదురుగా దుంగ మీద కూర్చుని రొప్పుతోంది. కుక్కని పిలుచుకుని ఇంటికి పోయాడు.

తాతల నాటి ఆచారం అలా పోయింది. ఊరంతా కూడి మందని కలిపే ఉంచి, ఇంటికి కొన్ని రాత్రుల చొప్పున వంతులేసుకున్నారు. మొదటి వంతు హావిస్‌దే అన్నారు. ఎవరూ కాదనలేదు.

ఇక్కడే ముసల్ది మాట వినలేదు. తన వంతు అయిపోయింది, తడకలు పీకనివ్వలేదు. "ఇంకొక్క రాత్రి" అంది. తర్వాత ఇంకొక్క రాత్రి. పగలు మందని మేపుకొస్తారు, సాయంత్రానికి దుంగ మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. ముసలామె, ఇన్నేళ్లు ఏడ్చింది, పోనీలే అని ఊరు ఊరుకుంది. ఎంత ఊరుకుంటుంది? నేలంతా అడుసైపోయింది, వాసనకి కళ్లు మండుతున్నాయి. "ఇక చాలే, ఎక్కువైతే పైరు నిలబడదు" అని చిన్నపిల్లలు కూడా చెప్పారు. అది ఆమెకి తెలీక కాదు.

సిబిల్ కడుపు మండి అడిగేసింది. "మా చెక్కలకి వంతెప్పుడే? నువ్వూ మఠమైపోయావా?"

ఆ మాట తగిలింది. మర్నాడే తడకలు పీకించింది. అప్పటికే వేసవి ముప్పాతిక పోయింది.

మరుసటేడు రాళ్ల చెక్కలో బార్లీ ఎలా లేచిందంటే, దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఆకులు నల్లటి పచ్చ, కాడలు వేలంత లావు. హావిస్ రొమ్ములెత్తు వచ్చింది. రోజూ వెళ్లి మధ్యలో నిలబడేది. గింజ పాలు పోసుకునే వేళ ఒక మాదిరి వాన కురిసింది, గాలి కూడా పెద్దగా లేదు. పక్క చెక్కల్లో సన్నటి బార్లీ ఊగి మళ్లీ నిలబడింది. ఆమెది మాత్రం తన బరువుకి తనే మొత్తం నేలకి పడిపోయింది. లేవలేదు. గింజ పట్టకుండానే కింద కుళ్లింది.

కోతల్లో వారిన్ కొడవలి పట్టుకుని, పిలవకుండానే వచ్చాడు. రెండు పనలు కోసి, కంకి నలిపి చేతిలో ఊదాడు. పొట్టు మొత్తం ఎగిరిపోయింది.

"గింజ లేదమ్మా. గడ్డే."

హావిస్ దుంగ మీద కూర్చుని ఉంది.

"మా నాన్న పైరు పొట్టిగా ఉంటే మఠాన్ని తిట్టేవాడు. నేనూ అదే తిట్టాను. పోయినేడు నిన్ను తిట్టాను." కొడవలి ఇలా ఇమ్మని చెయ్యి చాపింది. "ఇవాళ ఎవర్ని తిట్టాలో చెప్పరా."

వారిన్ కొడవలి ఇచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె వంగి కోత మొదలెట్టింది, పన పనకీ తనని తాను తిట్టుకుంటూ. ఆ తిట్లన్నీ మఠం కోసం దాచుకున్నవే.